చిటికెడు సున్నం

రోగనిరోధక కణాలను కాల్షియం ఎలా మేల్కొలుపుతుంది? నూట నలభై ఏళ్ల అన్వేషణపై ఒక సమీక్ష

తమలపాకుకు సున్నం రాయడం మా మామ్మ చూపుడువేలి పని. డబ్బా మూత తీసి, వేలి కొసతో ఒక్కసారి తాకి, ఆకు మీద సన్నగా గీసేది. ఒకరోజు ఆ పెత్తనం నేను తీసుకుని ఆకు నిండా పూశాను. నాలుగుసార్లు నమిలేసరికే నాలుక పొక్కింది. "తక్కువైతే నోరు పండదు, ఎక్కువైతే నోరే ఉండదు" అని మామ్మ నవ్వి, నాలుక మీద వెన్నముద్ద పెట్టింది.

ఆ సున్నంలో ఉన్న కాల్షియమే మన ఒంట్లో తెల్ల రక్తకణాలను నిద్ర లేపుతుందని, అక్కడ కూడా పాళ్లదే పెత్తనమని చాలా ఏళ్ల తర్వాత చదివాను. మాది కోనసీమలో మామిడికుదురు మండలం నగరం. కరోనా రోజుల నుంచి ఇక్కడి మందుల షాపుల దగ్గర ఒక మాట తరచుగా వినపడుతోంది: "ఇమ్యూనిటీకి కాల్షియం బిళ్లలు ఇవ్వండి." ఎముకల కోసం డాక్టరు రాస్తే వేసుకోవలసిన బిళ్లలే అవి. కానీ రక్తంలో కాల్షియం డెసీలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య కదలకుండా ఉండేలా పారాథైరాయిడ్ గ్రంథులూ డి విటమినూ కాపలా కాస్తాయి. ఒక బిళ్ల ఎక్కువ మింగినంత మాత్రాన రోగనిరోధక కణానికి ఒక సంకేతం ఎక్కువ అందదు. దానికి కావలసిన కాల్షియం ఎప్పుడూ గుమ్మం బయటే ఉంది. తలుపు ఎవరు తెరుస్తారు, ఎంతసేపు తెరిచి ఉంచుతారు, ఆ సమయంలో పక్కన ఇంకెవరున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. వాటికి ఇప్పటిదాకా దొరికిన జవాబులనూ, ఇంకా తేలని లెక్కలనూ ఒకచోట చేర్చే ప్రయత్నమిది.

ఏటిగట్టు అవతల

గోదావరి వరద రోజున ఏటిగట్టు మీద నిలబడి చూస్తే ఒక పక్క నది, మరో పక్క ఊరు కనిపిస్తాయి. నీటిమట్టం ఊరి నేలకన్నా పైనే ఉంటుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకి ఆ దృశ్యం చెప్పక్కర్లేదు. మన ఒంట్లో ప్రతి కణమూ అలాంటి గట్టు వెనకాలే బతుకుతోంది. కణం బయట కాల్షియం అయాన్లు లీటరుకు ఒక మిల్లీమోల్‌కు కాస్త పైన ఉంటాయి. లోపల అందులో పదివేలవ వంతే. పైగా కణం లోపలి వైపు రుణ విద్యుదావేశం ఉండడం వల్ల ధనావేశమున్న కాల్షియాన్ని అది ఇంకా లాగుతుంది. చిన్న గండి పడితే చాలు, బయటిది లోపలికి దూకడానికి సిద్ధంగా ఉంటుంది.

జీవం ఇంత కష్టపడి కాల్షియాన్ని బయట ఎందుకు ఉంచినట్టు? అందరూ అంగీకరించే వివరణ ఫాస్ఫేటు దగ్గర మొదలవుతుంది. కణం శక్తిని ఫాస్ఫేటు రూపంలోనే ఖర్చు పెడుతుంది. కాల్షియం, ఫాస్ఫేటు ఎక్కువ మోతాదులో కలిస్తే గట్టిపడి పేరుకుపోతాయి. మన ఎముకా పన్నూ అలా తయారైనవే. కణం లోపల ఆ పని జరిగితే కణమే రాయవుతుంది. అందుకే ఫాస్ఫేటును ఇంట్లో పెట్టుకున్న జీవం కాల్షియాన్ని గుమ్మం బయట ఉంచింది. అలా ఖాళీగా ఉన్న ఇంట్లోకి కొంచెం కాల్షియం వచ్చినా అది స్పష్టంగా వినపడే పిలుపవుతుంది.

ఈ ఫాస్ఫేటు కథలో మన పొరుగువాడి పేరుంది. వశిష్ఠ గోదావరికి అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ కణజాలంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించాడు. ఆ కొలతల దారిలోనే వాళ్లిద్దరూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణానికి శక్తి నాణెమైన ఏటీపీని వెలికితీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నాడు. లోపలికి వచ్చిన కాల్షియాన్ని ఎప్పటికప్పుడు బయటికీ, కణం లోపలి గిడ్డంగిలోకీ తోడిపోసే పంపులు నడిచేది ఈ ఏటీపీ ఖర్చు మీదే. గట్టు ఊరికే నిలబడదు, తోడేవాళ్లుండాలి.

కుళాయి నీళ్లు, రాజ్మా గింజలు

కాల్షియం సంకేతమన్న ఊహ పొరపాటున పుట్టింది. లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకునేలా చేసేవాడు. తర్వాత చూస్తే ఆ ద్రావణాలు శుద్ధమైన స్వేదనజలంతో కాక కుళాయి నీళ్లతో కలిపినవని తేలింది. స్వేదనజలంతో చేస్తే గుండె త్వరగా ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉండి స్వేదనజలంలో లేనిది కాల్షియం. ఆ సంగతిని 1883లో ప్రచురించాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు కాల్షియమంటే కండరం, గుండె, నరం అనే మాటే నడిచింది. రక్తకణాల వైపు ఎవరి చూపూ పోలేదు.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ రక్తం నుంచి ఎర్రకణాలను వేరు చేయడానికి రాజ్మా గింజల సారాన్ని వాడాడు. వాటితో పాటు ఉన్న లింఫోసైట్లు అనే తెల్లకణాలు పెద్దవై విభజన చెందడం గమనించాడు. అప్పటిదాకా లింఫోసైటును పని అయిపోయిన ముసలి కణంగా చూసేవారు. గింజ సారం దాన్ని లేపి నిలబెట్టింది. 1970లలో కాల్షియాన్ని బలవంతంగా లోపలికి చేరవేసే రసాయనాలతో కూడా అదే ఫలితం కనిపించింది. ఇక మిగిలింది కళ్లతో చూడడం. రోజర్ చెన్ కాల్షియం తగిలితే వెలుగు మార్చే రంగును తయారుచేశాడు. 1982లో పొజాన్, రింక్‌లతో కలిసి దాన్ని లింఫోసైట్లలోకి ఎక్కించి, ఉద్దీపన తగలగానే లోపల కాల్షియం పెరగడాన్ని కొలిచాడు. ఇదే చెన్‌కు 2008లో మరో వెలుగు, అంటే జెల్లీచేప పచ్చ ప్రొటీన్ మీద చేసిన పనికి, నోబెల్ వచ్చింది.

గజ్జల్లో బిళ్ల

కొబ్బరితోటలో చెప్పుల్లేకుండా తిరుగుతుంటే కాలికి పుల్ల గుచ్చుకుంటుంది. పుండు చీము పట్టేసరికి గజ్జల్లో బిళ్ల కడుతుంది. నొక్కితే నొప్పి, ఒంట్లో వెచ్చదనం. ఫైలేరియా తెలిసిన గోదావరి పల్లెల్లో బిళ్ల కట్టడమంటే చిన్నపిల్లలకైనా తెలుసు. ఆ బిళ్ల ఒక లింఫు గ్రంథి. పుండు దగ్గర దొరికిన సూక్ష్మజీవి ముక్కను కాపలా కణాలు అక్కడికి మోసుకొస్తాయి. అక్కడ తిరుగుతున్న టీ కణాలు అనే లింఫోసైట్లలో ఏ కొన్నింటికో ఆ ముక్క సరిగ్గా అతుకుతుంది. అతికిన కణం నడక ఆపేస్తుంది. లోపల కాల్షియం పెరిగితే టీ కణం ఉన్నచోటే నిలబడిపోతుందని 1996లో ప్రయోగంతో చూపించారు. నిలబడిన కణం ఒక రోజు గడిచాక విభజన మొదలుపెడుతుంది, ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతుంది. మన వేళ్లకు తగిలే ఉబ్బులో ఈ సంతానమూ ఒక పాలు.

ముక్క అతికిన క్షణానికీ కాల్షియం పెరగడానికీ మధ్య జరిగేది ఒకరి నుంచి ఒకరికి మాట అందినట్టు ఉంటుంది. టీ కణ గ్రాహకం దగ్గర ఎల్‌సీకే, జాప్-70 అనే ఎంజైములు ఫాస్ఫేట్లు అతికించి మాట ముందుకు పంపుతాయి. అది ఫాస్ఫోలైపేజ్ సీ-గామా అనే ఎంజైముకు చేరుతుంది. ఆ ఎంజైము కణపొరలోని ఒక కొవ్వును రెండుగా కోస్తుంది. ఆ రెండు ముక్కల్లో ఒకటైన ఐపీ3 లోపలి గిడ్డంగికి వెళ్లి తలుపు తడుతుంది. పాఠ్యపుస్తకాల్లో అంతర్జీవద్రవ్యజాలం అని చదువుకున్నది ఈ గిడ్డంగినే. ఐపీ3 కాల్షియాన్ని బయటికి రప్పిస్తుందని 1983లో బెరిడ్జ్, ఇర్విన్, వాళ్ల జర్మన్ సహచరులు చూపించారు.

కథ అక్కడితో అయిపోతే టీ కణం మేలుకునేది కాదు. గిడ్డంగిలో ఉన్నది కొంచెమే, అది కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. టీ కణానికి కాల్షియం గంటల తరబడి కావాలి. 1986లో జేమ్స్ పట్నీ ఒక ఊహను ముందుకు తెచ్చాడు: గిడ్డంగి ఖాళీ కావడమే బయటి తలుపు తెరవమనే కబురు. 1992లో హోత్, పెన్నర్ అనే ఇద్దరు మాస్ట్ కణాలనే మరో రకం రోగనిరోధక కణాల్లో ఆ తలుపు గుండా పారే విద్యుత్తును కొలిచారు. దాన్ని క్రాక్ ప్రవాహం అంటారు. ఒక్క తలుపు గుండా పారేది ఎంత తక్కువంటే దాన్ని విడిగా కొలవడమే కష్టం. అయినా అది సోడియాన్ని దాదాపుగా రానివ్వదు, కాల్షియాన్నే ఏరుకుంటుంది. తలుపు ఉందని అందరికీ తెలుసు. అది ఏ ప్రొటీన్‌తో చేసినదో, గిడ్డంగి ఖాళీ అయిందని దానికి ఎవరు చెబుతారో మరో పదమూడేళ్ల దాకా తేలలేదు.

లస్కరు, లాకు

మా నగరం దీవికి నీళ్లొచ్చిన తీరు తెలిసినవాళ్లకి ఆ జవాబు సులువుగా అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువను వైనతేయ నది దాటించి ఇటు తేవాలి. 1852-53లో హేగ్ అనే ఇంజనీరు గన్నవరం దగ్గర 49 ఖానాల అక్విడెక్టు కట్టించాడు. ఇప్పుడు దాని పక్కనున్న కొత్తదానికి నిరతాన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అక్కడి నుంచి నీళ్లు చిన్న కాలువలకు, తూములకు, చేలకు చేరాలంటే మనిషి కావాలి. ఆ మనిషి లస్కరు. నీటిమట్టం చూసుకుని, తగ్గితే నడిచి వెళ్లి లాకు తలుపు ఎత్తుతాడు.

కణంలో లస్కరు పేరు స్టిమ్1. అది 2005లో దొరికింది. గిడ్డంగి గోడలో నాటుకుని, ఒక చెయ్యి లోపలికి చాపి కాల్షియం మట్టం చూస్తూ ఉంటుంది. మట్టం పడిపోగానే తోటి స్టిమ్‌లతో జట్టుకట్టి, గిడ్డంగి గోడ కణపొరకు బాగా దగ్గరగా వచ్చే చోటికి చేరుకుంటుంది. ఇదంతా ఒక నిమిషంలోపు పని. అక్కడ చేయి చాచి బయటి తలుపును పట్టుకుని తెరుస్తుంది.

ఆ తలుపే ఒరాయ్1. అది 2006లో మూడు ప్రయోగశాలల్లో దాదాపు ఒకేసారి బయటపడింది. వాటిలో ఒకటి అప్పట్లో హార్వర్డ్‌లో పనిచేస్తున్న అంజనా రావుది. ఆమె ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి, హార్వర్డ్‌లో బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసింది. ఆమె దగ్గర పనిచేసిన స్టెఫాన్ ఫెస్కే రెండు దారులను ఒకచోట కలిపాడు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలున్న ఒక కుటుంబంలో ఏ క్రోమోజోము ముక్క తేడాగా ఉందో వెతకడం మొదటిది. పండు ఈగ కణాల్లో జన్యువులను ఒక్కొక్కటిగా నోరు నొక్కేసి, దేనివల్ల కాల్షియం కబురు ఆగిపోతుందో చూడడం రెండోది. రెండు దారులూ ఒకే జన్యువు దగ్గర కలిశాయి. గ్రీకు పురాణాల్లో స్వర్గద్వారానికి కాపలా కాసేవాళ్ల పేరే ఈ ప్రొటీన్‌కు పెట్టారు. మనవాళ్లు పెట్టి ఉంటే జయవిజయులు అనేవారేమో. పేరుకు తగ్గట్టే మనుషుల్లో ఒరాయ్‌లు మూడున్నాయి. టీ కణానికి ముఖ్యమైనది మొదటిది. 2012లో ఈగ ఒరాయ్ స్ఫటిక నిర్మాణం బయటికొచ్చింది. ఆరు ముక్కలు చుట్టూ నిలబడి మధ్యలో ఒక సన్నని రంధ్రాన్ని కాస్తున్నాయని అందులో తేలింది.

ఎంతసేపు, ఎవరితో

లోపలికి వచ్చిన కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుంటుంది. ఆ జంట కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును లేపుతుంది. కాల్సిన్యూరిన్ పని ఫాస్ఫేట్లను ఊడదీయడం. కణద్రవంలో ఎన్‌ఫాట్ అనే ప్రొటీన్ ఒంటినిండా ఫాస్ఫేట్లతో, లోపలి కేంద్రకంలోకి వెళ్లలేక పడి ఉంటుంది. ఒక పదమూడు ఫాస్ఫేట్లు ఊడగానే దానికి దారి దొరుకుతుంది. కేంద్రకంలోకి వెళ్లి ఇంటర్‌ల్యూకిన్-2 లాంటి జన్యువులను మోగిస్తుంది. కాల్షియం తగ్గిందా, వేరే ఎంజైములు ఫాస్ఫేట్లు మళ్లీ అతికించి ఎన్‌ఫాట్‌ను నిమిషాల్లో బయటికి గెంటేస్తాయి. తలుపు గంటల తరబడి తెరిచి ఉండాలనడానికి కారణమిదే. ఎన్‌ఫాట్‌ను వెలికితీసి, అది కాల్సిన్యూరిన్ చేతి కిందిదని 1993లో తేల్చినది కూడా అంజనా రావు బృందమే.

వ్యవధి ఒక్కటే కాదు, లయ కూడా ఒక భాషే. 1997లో రిచర్డ్ లూయిస్ ప్రయోగశాలలో డోల్మెచ్ బీ కణాల మీద పనిచేసి, ఒక్కసారి పెద్దగా ఎగసి పడే కాల్షియం కొన్ని జన్యు స్విచ్చులను, తక్కువ స్థాయిలో ఎక్కువసేపు నిలిచేది ఎన్‌ఫాట్‌ను కదిలిస్తాయని చూపించాడు. మరుసటి ఏడాది కాల్షియం అలల మధ్య ఎడం మార్చి చూశాడు. అలలు దగ్గర దగ్గరగా వస్తే ఎన్‌ఫాట్ కూడా కదిలింది. ఎడం పెరిగితే ఒక్క స్విచ్చు మాత్రమే పలికింది. డోలు మీద ఒకే చెయ్యి, కానీ నడక మారితే పెళ్లికీ జాతరకూ తేడా తెలిసిపోతుంది కదా, అలాంటిదే ఇది.

ఇక మూడో సంగతి, తోడు. కేంద్రకంలో ఎన్‌ఫాట్ ఒంటరిగా చేసే పని వేరు, ఏపీ-1 అనే జతతో కలిసి చేసే పని వేరు. కాపలా కణం "ఇది నిజమైన ప్రమాదమే" అని సీడీ28 ద్వారా రెండో సంకేతం ఇస్తేనే ఏపీ-1 దండిగా తయారవుతుంది. ఆ రెండో మాట లేకుండా కాల్షియం ఒక్కటే వస్తే టీ కణం మేలుకోదు, మొద్దుబారుతుంది. 1987లో జెంకిన్స్, ష్వార్ట్జ్ చూపించిన ఈ మొద్దుబారడాన్ని అనర్జీ అంటారు. పేరు విని మనం వాడే ఎనర్జీ అనే ఇంగ్లీషు మాట అనుకోకండి, అర్థం దానికి తలకిందులు. ఎన్‌ఫాట్ ఒంటరితనమే దీనికి మూలమని 2002లో మాసియన్, అంజనా రావు తేల్చారు. మన సొంత కణజాలం మీదికి టీ కణాలు తిరగబడకుండా ఈ ఏర్పాటు కొంత కాపలా కాస్తుంది. తాంబూలంలో ఆకూ వక్కా లేకుండా సున్నం ఒక్కటే నోట్లో వేసుకున్నవాడికి ఏమవుతుందో నాకు తెలుసు.

రొయ్యల ఇగురు తిన్న పది నిమిషాలకు

ఇదే తలుపు మరో కణంలో మరో గడియారం మీద నడుస్తుంది. చుట్టూ రొయ్యల చెరువులున్న మా వైపు పెళ్లి విందులో రొయ్యల ఇగురు లేకపోతే మాట పడాల్సిందే. బంతిలో ఒకరికి విస్తరి తీయకముందే పెదవులు ఉబ్బుతాయి, మెడ మీద దద్దుర్లు లేస్తాయి, గొంతు బిగుస్తుంది. రొయ్య కండరంలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్‌ను అతని ఒళ్లు ఇదివరకే శత్రువుగా రాసుకుంది. దాని కోసం తయారైన ఐజీఈ యాంటీబాడీలు మాస్ట్ కణాల మీద కాచుకుని ఉన్నాయి. రొయ్య ప్రొటీన్ తగిలి అవి ఒకదానికొకటి దగ్గర చేరగానే లోపల అదే ఫాస్ఫోలైపేజ్, అదే ఐపీ3, అదే స్టిమ్, అదే ఒరాయ్. కానీ ఇక్కడ కాల్షియానికి జన్యువు మోగించేదాకా ఆగే ఓపిక లేదు. ముందే నింపి పెట్టిన హిస్టమిన్ సంచులను నిమిషాల్లో బయటికి గుమ్మరిస్తుంది. గొంతు బిగిసి ఊపిరి ఆడనప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షనే, ఇంట్లో ఉన్న మాత్ర కాదు.

చంపే టీ కణాలకూ ఈ తొందరే ఉంది. వైరస్ పట్టిన కణానికి ఆనుకుని, కాల్షియం రాగానే పెర్ఫోరిన్ సంచులను అటువైపు విప్పుతాయి. ఆ పెర్ఫోరిన్ శత్రువు పొరకు అంటుకోవడానికి కూడా కాల్షియం కావాలి. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్లో మాటను ముందుకు పంపేవాళ్లలో బీటీకే అనే ఎంజైము ఒకటి. అది లోపించిన మగపిల్లల్లో యాంటీబాడీలు దాదాపు ఉండవు. ఈ జబ్బును 1952లో బ్రూటన్ వర్ణించాడు, జన్యువు 1993లో దొరికింది. అదే బీటీకేను అడ్డుకునే ఇబ్రుటినిబ్ ఇప్పుడు కొన్ని రక్త క్యాన్సర్లకు మందు.

తలుపు తెరుచుకోని పిల్లలు

ఫెస్కే చూసిన పిల్లల కథ దగ్గరికి మళ్లీ వద్దాం. వాళ్ల రక్తపరీక్షలో లింఫోసైట్ల సంఖ్య బాగానే ఉంది. లెక్క చూసిన డాక్టరుకు లోపం కనపడదు. కానీ ఆ కణాలకు ఉద్దీపన ఇస్తే విభజన లేదు, ఇంటర్‌ల్యూకిన్ లేదు. ఒరాయ్1లో 91వ స్థానంలో ఉండాల్సిన ఆర్జినిన్ బదులు ట్రిప్టోఫాన్ వచ్చి చేరింది. ఆ ఒక్క మార్పుతో తలుపు బిగుసుకుపోయింది. ఊళ్లో మనుషులంతా ఉన్నారు, ఒక్కరికీ కబురు అందలేదు. ఇలాంటి పిల్లలకు చిన్న వయసులోనే వరసగా ఇన్ఫెక్షన్లు వస్తాయి. కండరాలు మెత్తబడతాయి, చెమట సరిగా పట్టదు, పళ్ల మీద పింగాణీ పొర గట్టిపడదు. రోగనిరోధక శక్తి వరకూ రక్తమూలకణాల మార్పిడి దారి చూపుతుంది. మిగిలిన లోపాలను అది తీర్చలేదు.

ఈ జబ్బు చాలా అరుదు. అయినా మనం దాన్ని దూరపు విషయంగా తీసేయకూడదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపభూయిష్ట ప్రతులు కలిస్తేనే బయటపడే జబ్బు ఇది. దగ్గరి బంధువుల పెళ్లిళ్లున్న కుటుంబాల్లోనే దీన్ని మొదట గుర్తించారు. మేనరికం మనకు ఇంటి మాట. మేనమామనో మేనబావనో చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు వస్తుందని కాదు, చాలా ఇళ్లలో రాదు. కానీ ఇలాంటి రెండు ప్రతులు కలిసే అవకాశం పెరుగుతుంది. ఒకే సముదాయంలో తరతరాలుగా పెళ్లిళ్లు సాగడం వల్ల దక్షిణాసియాలో అరుదైన జన్యువులు ఎలా పేరుకున్నాయో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రజ్ఞులు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2017లో చూపించారు. పసిబిడ్డకు పదే పదే న్యుమోనియా వస్తూ, తెల్లకణాల లెక్క మామూలుగా ఉందన్న కాగితం చేతికొస్తే, అక్కడితో ఆగకుండా ఆ కణాలు పనిచేస్తున్నాయా అని అడగవచ్చు. ఇన్నేళ్ల పరిశోధన ఒక తల్లి చేతిలో పెట్టే ప్రశ్న అది.

మట్టిలోంచి వచ్చిన మందు, పెరట్లో పంపర పనస

విచిత్రమేమంటే తలుపు దొరకడానికి చాలాముందే దాని వెనక గది తాళం మనుషుల చేతికొచ్చింది. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి స్విట్జర్లాండ్‌లోని శాండోజ్ కంపెనీ సైక్లోస్పోరిన్‌ను తీసింది. అది లింఫోసైట్లను అణచివేస్తుందని ఝాన్ బొరెల్ బృందం చూపింది. 1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాల్న్ దాన్ని కిడ్నీ మార్పిడి రోగులకు ఇచ్చాడు. 1983లో అమెరికాలో అనుమతి వచ్చింది. 1984లో జపాన్‌లోని త్సుకుబా మట్టిలో ఒక బాక్టీరియా నుంచి టాక్రోలిమస్ దొరికింది. రెండూ ఎలా పనిచేస్తాయో అప్పటికి తెలియదు. 1991లో స్టువర్ట్ ష్రైబర్ ప్రయోగశాలలో తేలింది: రెండు మందులూ కణంలోని వేరువేరు ప్రొటీన్లతో జతకట్టి, చివరికి పట్టుకునేది ఒకే ఒక్క కాల్సిన్యూరిన్‌ను. అంటే కాల్షియం కబురు కేంద్రకానికి చేరకుండా మధ్యలో ఆపేస్తున్నాయి. మందే శాస్త్రానికి దారి చూపించిన సందర్భమిది.

1971లో వెల్లూరు సీఎంసీలో మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగినప్పుడు ఈ మందులు లేవు. ఇవాళ ఉద్దానం నుంచి కోనసీమ దాకా కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారి చీటీలో సాధారణంగా ముందుండేది టాక్రోలిమస్. మా ఊళ్లో అలాంటి కుర్రాడొకడు మందు స్థాయి చూపించుకునే రోజున ఉదయం బిళ్ల వేసుకోడు. జేబులో పెట్టుకుని లాబుకు వెళ్తాడు. రాత్రి బిళ్లకు పన్నెండు గంటలు నిండాక రక్తం తీస్తారు, తర్వాతే బిళ్ల. మిల్లీలీటరుకు కొన్ని నానోగ్రాముల మధ్య ఆడే లెక్క అది. తగ్గితే టీ కణాలు కొత్త కిడ్నీని పరాయిదిగా పట్టుకుంటాయి. పెరిగితే చేతులు వణుకుతాయి, చక్కెర పెరుగుతుంది, కాపాడాల్సిన కిడ్నీనే మందు దెబ్బతీస్తుంది.

వాళ్ల పెరట్లో పంపర పనస చెట్టు ఉంది. కాయలు కోస్తాడు, చుట్టాలకు పంచుతాడు, తాను ఒక్క తొన కూడా నోట్లో వేసుకోడు. పంపర పనస రసం సైక్లోస్పోరిన్ స్థాయిని పెంచుతుందని పరీక్షల్లో తేలింది. టాక్రోలిమస్ విషయంలోనూ అలాంటి సందర్భం వైద్యపత్రికల్లో నమోదైంది. ఈ మందులను విరిచేసే పేగుల్లోని ఎంజైమును ఆ పండు అడ్డుకుంటుంది, దాంతో మందు రక్తంలో పేరుకుంటుంది. విదేశీ కరపత్రాల్లో "గ్రేప్‌ఫ్రూట్ తినవద్దు" అని ఉంటుంది. కోనసీమలో ఆ మాటను "పంపర పనస తినొద్దు" అని చెప్పాలి. లేకపోతే ఆ హెచ్చరిక ఎవరికీ తగలదు.

తేలని లెక్కలు

కాల్సిన్యూరిన్ కిడ్నీలోనూ మెదడులోనూ ఉంది, కాబట్టి దాన్ని కట్టేస్తే ఆ అవయవాలకూ దెబ్బే. మరి దానికంటే ముందున్న తలుపును, అంటే క్రాక్ మార్గాన్నే కొంచెం వేసి ఉంచితే? ఆ ఆశతో చేసిన మందులు కొన్ని పరీక్షల్లో ఉన్నాయి. జెగోక్రాక్టిన్ అనేదాన్ని క్లోమం వాపులోనూ కరోనా న్యుమోనియాలోనూ ప్రయత్నించారు. ఇక్కడ తూకం సన్ననిది. ఒరాయ్1 పూర్తిగా మూతపడితే ఏమవుతుందో ఆ పిల్లలు చూపించారు. ఎంతవరకు మూస్తే వాపు తగ్గి, రక్షణ మిగులుతుందో ఇంకా లెక్క తేలలేదు. ఒరాయ్2 మొదటిదానితో జతకట్టి ప్రవాహాన్ని తగ్గిస్తుందని 2017లో ఎలుకల్లో కనిపించింది. అంటే శరీరమే ఒక మోతాదు మీట పెట్టుకుంది. దాన్ని మందు పట్టుకోగలదా అన్నది ఒక ప్రశ్న.

రెండో ప్రశ్న కణం బయటి ఏటీపీ గురించి. సుబ్బారావు, ఫిస్కే కండరంలో చూసిన ఆ శక్తి నాణెం, కణం చితికినప్పుడు బయటికి ఒలుకుతుంది. పీ2ఎక్స్ అనే తలుపులు దాన్ని ప్రమాద ఘంటగా విని తెరుచుకుంటాయి. వాటి గుండా కూడా కాల్షియం వస్తుంది. ఒరాయ్ గుండా వచ్చిన కాల్షియానికీ పీ2ఎక్స్ గుండా వచ్చినదానికీ కణం తేడా ఎలా గుర్తిస్తుంది? వచ్చిన చోటును బట్టా, లయను బట్టా? ఇంకా తెగని వాదమిది.

మూడోది అలసట. దీర్ఘకాలపు వైరస్ మీదనో కణితి మీదనో పోరాడే టీ కణం తలుపు రోజుల తరబడి తెరిచే ఉంటుంది. ఎన్‌ఫాట్ లోపల తిరుగుతూనే ఉంటుంది, ఏపీ-1 తోడు తగ్గిపోతుంది. 2015లో అంజనా రావు బృందం చెప్పినదాని ప్రకారం ఈ ఒంటరి ఎన్‌ఫాటే కణాన్ని అలసటలోకి దించుతుంది. కణం బతికే ఉంటుంది, పోరాటం మానేస్తుంది. రోగి సొంత టీ కణాలకు కొత్త గ్రాహకం తొడిగి క్యాన్సర్ మీదికి పంపే కార్-టీ చికిత్సకు ఇదే పెద్ద అడ్డంకుల్లో ఒకటి. మన దేశంలోనే తయారైన అలాంటి చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది కాబట్టి ఇది ఇక మనకు పక్కింటి సమస్య కాదు. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్టల్ మకాల్ బృందం ఒక పని చేసింది. అలసిన కార్-టీ కణాల్లో సంకేతాన్ని డసాటినిబ్ అనే మందుతో కొన్నాళ్లు ఆపింది. డసాటినిబ్ ఆపేవాటిలో ఎల్‌సీకే ఒకటి, అంటే మాట మొదలయ్యే చోటే ఆగిపోయింది. విశ్రాంతి తర్వాత ఆ కణాలు మళ్లీ కొట్లాటకు లేచాయి.

ఇది చదివినప్పుడు నాకు వేసవిలో మా కాలువ గుర్తొచ్చింది. ఏటా దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. గుర్రపుడెక్క తీస్తారు, గట్లకు మట్టి వేస్తారు, లాకు తలుపుల తుప్పు గీకుతారు. చిన్నప్పుడు నీళ్లు లేని ఆ రోజులు కాలువ పనిచేయని రోజులనుకునేవాడిని. జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలినప్పుడు శివారు చేను దాకా అవి వెళ్లాయంటే ఆ ఎండు రోజుల చలవే. తలుపు తెరిచేదెవరో 2006 నాటికి తేలింది. ఏ రోజున కట్టేయాలో, ఎన్నాళ్లు కట్టేయాలో చెప్పే లస్కరు కోసం వెతుకులాట ఇప్పుడు నడుస్తోంది.